సంత దినం

మిద్దె మీద గదిలో బాడుగకుండే పిల్లోని పేరు యావ్.
గురువారం పుడితే వాళ్ల దేశంలో ఆ పేరంట.
ఘనా నుంచి మా ఆకుతోటపల్లికి
రాళ్ల చదువు చదవను వచ్చినాడు.
రాళ్లకేం తక్కువ ఇక్కడ, అని నవ్వింది మా అమ్మ.

పెద్దల అమావాస్య పొద్దున
పెరట్లో అలసంద వడలు వేగుతాంటే
మెట్లు దిగొచ్చినాడు.
"అక్కా, ఒక గ్లాసు. కొంచెం మందు.
మా తాతలకు పొయ్యాల."
మన తిథులు వాళ్లకు తెలియవు.
వాళ్ల లెక్కలో ఆరు వారాలకొక ఆదివారం పెద్దలదంట,
ఎట్లనో అది వచ్చి మన అమావాస్య మీద పడింది.

మా ఎడలో అన్నీ ఉంటాయి.
కొర్రన్నం, పొట్టేలి కూర, గుమ్మడికాయ పులుసు,
కొత్త పంచె, బీడీ కట్ట, క్వార్టరు సీసా.
ఉల్లిగడ్డ ఒక్కటి పెట్టదు అమ్మ.
ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

సీసా మూత తానే తిప్పి ఇచ్చింది.
"తీసుకోప్పా. మా ఆయన
ఎదుటోనికి పొయ్యకుండా ఏనాడూ తాగలేదు."

చెప్పులిడిచినాడు.
చొక్కా ఒక భుజం మీంచి కిందికి జార్చినాడు.
ముందు గ్లాసు మీదికెత్తి చూపించినాడు, పొయ్యలేదు.
ఆకాశంలో ఉండే ఆయనకు చూపిస్తే చాలంట,
ఆయనకు దాహముండదు.
తర్వాత నేలకు.
అసాసే యా, అన్నాడు.
యా అంటే?
గురువారం పుట్టిన ఆడపిల్ల. భూమి.
ఆ దినం మా ఊళ్లో గడ్డపార దించము.

గడ్డపార అనే మాటకు
అమ్మ చేతిలో జల్లిగంటె నిలిచిపోయింది.

పేర్లు పిలుస్తా పోసినాడు.
ఒక్కో పేరుకు నేలలో ఒక్కో నల్లటి మచ్చ.
పేరుకూ పేరుకూ నడుమ
నన్ను ఊఁ కొట్టమన్నాడు,
కత వింటాండే పిల్ల లెక్క కొట్టినాను.

పోయినోళ్లందరినీ పిలుస్తావా, అంటి.
తలకాయ అడ్డంగా ఊపినాడు.
నీళ్లలో పోయినోళ్లు, బండి కింద పడినోళ్లు,
చెట్టు మీంచి జారినోళ్లు,
చెడ్డ చావు చచ్చినోళ్లు పెద్దల్లో కలవరు.
మెల్లగా చెప్పినాడు,
ఆ కట్టుబాటు తానే పెట్టినట్టు.

మా నాయన పల్లపు తిప్పయ్య.
డెబ్బై రెండు బావులు తవ్వినాడు, లెక్క అమ్మది.
కూడేరు, బెళుగుప్ప, శెట్టూరు,
ఎవరు కబురు పంపితే వాళ్ల చేన్లోకి.
డెబ్బై మూడోదాంట్లో
పదకొండో మట్టు కాడి నుంచి పైకి కేకేసినాడంట,
ఇంకొక్క మూర, చెమ్మ తగులుతాంది, అని.
ఆ మూర ఆయన దించలేదు.
గట్టు దిగింది.
రెండు దినాలు తవ్వి చూసినారు.
మూడోనాడు ఆసామి బావి పూడ్చేసినాడు.
ఇప్పుడు ఆ చేన్లో గాలిమర తిరుగుతాంది.

"అమ్మా, నాయన పోయింది ఏ వారం?"
"సంత దినం."
"ఏ ఊరి సంత?"
వడ తిప్పింది. ఇంకొకటి తిప్పింది.
"ఉల్లిగడ్డలు తెమ్మని చెప్పినాను.
అంతే గుర్తు."

అప్పటికే అడుగు వడలు మాడుతున్నాయి.
అమ్మ లేచి, చేతులు చీరకు తుడుచుకొని,
అబ్బాయి చేతిలో గ్లాసు తీసుకుంది.
ఇంకా రెండు గుక్కలున్నాయి దాంట్లో.
"ఏందప్పా ఆమె పేరు?"
"అసాసే యా."
"ఆఁ, యా.
ఏమ్మా యా,
నీ పుట్టిన దినమని తెలిసుంటే దిగేటోడు కాదు.
ఏ దినమో మాకూ తెలియదు.
పదకొండు మట్ల కింద నీ కాడనే ఉండాడు గదా,
ఇది ఆయనకందియ్యి.
నువ్వే తాగేసేవు."

గ్లాసు నేల మీద బోర్లించింది.
ఒక్కసారి కాదు, మూడు మాట్లు పొయ్యాలని
అబ్బాయి చెప్పబోయినాడు.
ఆగినాడు.
ఊఁ, అన్నాడు.